తెంపరాని పేరు

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగములు: సంఖ్యాకాండము 13:16, దానియేలు 1:6-7, లూకా 19:1-10)



మీ ఇంట్లో ఇంకా పేరు పెట్టని పసిబిడ్డ ఎవరైనా ఉన్నారా? అయితే రేడియో కొంచెం దగ్గరకు జరుపుకోండి. ఈ ఉదయము మాట మీకోసమే. మిగిలినవారు కూడా వినండి. మీ పేరు కూడా ఒకనాడు ఎవరో కూర్చొని ఆలోచించి పెట్టినదే కదా!

బైబిలు గ్రంథములో అన్నిటికంటె పొడుగు పేరు ఎవరిదో చెప్పగలరా? యెషయా గ్రంథము 8వ అధ్యాయము తీయండి. ప్రవక్తకు కుమారుడు పుట్టాడు. దేవుడు ఆ బిడ్డకు పెట్టమన్న పేరు మహేరు షాలాల్ హాష్ బజ్. దోపిడి త్వరగా వస్తోంది, కొల్లసొమ్ము తొందరగా పోతోంది అని దాని భావము. ఆ బిడ్డ అమ్మా నాన్నా అని పిలవడము నేర్చుకొనకముందే దమస్కు ఐశ్వర్యము, షోమ్రోను సొమ్ము అష్షూరు రాజు చేతిలోకి పోతాయని దేవుడు ముందుగా తెలియజేశాడు. పేరు వినగానే ప్రజలకు ఆ వర్తమానము గుర్తుకు రావాలి. అందుకని అంత పేరు. కాని నేను ఈ వాక్యము చదివిన ప్రతిసారీ ఆ తల్లిని తలచుకుంటాను. పొద్దుగూకింది, పిల్లవాడు వీధిలో ఆడుకుంటున్నాడు, అన్నము చల్లారిపోతోంది. ఆమె గుమ్మములో నిలబడి ఏమని కేక వేసి ఉంటుంది? నాలుగు ముక్కలూ కలిపి పిలిచిందంటే నేను నమ్మను.

ప్రియులారా, నవ్వుకోవడానికి ఈ మాట చెప్పలేదు. ఈ మధ్య సంఘములలో యౌవన దంపతులు కాపరుల దగ్గరకు వచ్చి అడిగే ప్రశ్న ఒకటుంది. అయ్యగారూ, బిడ్డకు ఒక మంచి పేరు చెప్పండి, కాని ఎవరూ కత్తిరించి పిలవలేని పేరు కావాలి అంటారు. కొందరికి అది సరదా. సుబ్రహ్మణ్యము సుబ్బు అవుతాడు, వేంకటేశ్వర్లు వెంకీ అవుతాడు, ఎలిజబెతు లిజ్జీ అవుతుంది, ముద్దుగా పెట్టుకున్న ఇమ్మానుయేలు బడికి పోయిన వారము రోజులకే ఇమ్ము అయిపోతాడు. అంత కష్టపడి పెట్టిన పేరు అలా అరిగిపోతే తల్లిదండ్రులకు కొంచెం బాధే. అయితే అందరికీ అది సరదా కాదు.

కొత్వాల్‌గూడ నుండి ఒక దంపతులు నా దగ్గరకు వచ్చారు. కొత్వాల్‌గూడ ఎరుగనివారికి చెబుతాను. అది శంషాబాద్ మండలములో, హిమాయత్‌సాగర్ ఒడ్డున ఉన్న ఊరు. పక్కనుండే ఔటర్ రింగ్ రోడ్డు పోతుంది. 2008 మార్చిలో శంషాబాద్ నుండి విమానములు ఎగరడము మొదలైన తరువాత ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ల బ్రతుకు మారిపోయింది. తండ్రి ఒకరి పొలములో జీతము ఉన్నాడు, కొడుకు విమానాశ్రయములో సామాను ఎక్కిస్తున్నాడు. ఈ తమ్ముడిది కూడా అటువంటి ఇల్లే. భార్య ఒడిలో నెల దాటిన మగబిడ్డ. అతని చేతిలో ఒక కాగితము, దాని మీద నాలుగు పేర్లు. ఒక్కొక్కటి రైలుబండి అంత ఉంది.

"అయ్యగారూ, ఇండ్ల ఏ పేరు తెంపరాదో చెప్పుండ్రి" అన్నాడు.

పేరు తెంపుతారని అంత భయము ఎందుకు అని అడిగాను. అతను చెప్పిన మాట అలాగే మీకు వినిపిస్తాను. "మా బాపు పేరు చివర అయ్య ఉన్నది. కని ఆ అయ్య రేషను కార్డు మీద ఉన్నది, ఆధార్ కార్డు మీద ఉన్నది, ఊర్ల ఎవ్వరి నోట్ల లేదు. జీతమున్న ఇంట్ల పదేండ్ల పోరడు గూడ మా బాపును పేరు తెంపి, చివర 'గా' అని కలిపి పిలిచేటోడు. బాపు 'ఆ, వస్తున్న' అని ఉరికేటోడు. నేను పక్కనే నిలబడి విన్న."

సహోదరీ సహోదరులారా, తెలంగాణ పల్లెల్లో పుట్టినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. మల్లయ్య మల్లిగాడు అవుతాడు, పోచయ్య పోచిగాడు అవుతాడు, ఎల్లవ్వ ఎల్లి అవుతుంది. కోస్తా జిల్లాల వారు మాకు అలా లేదు అనకండి. అక్కడ పేర్లు వేరు, కత్తెర ఒక్కటే. ఎవరి పేరు తెంపవచ్చునో, ఎవరి పేరు తెంపకూడదో ఊరికి బాగా తెలుసు. దొర పేరు ఎంత పొడుగైనా ఊరంతటికీ నోరు తిరిగింది. జీతగాని పేరులోని రెండు అక్షరముల 'అయ్య' దగ్గరే ఊపిరి చాలలేదు! అందుచేత ఈ తమ్ముడు అడిగినది చిన్న సంగతి కాదు. తన తండ్రికి జరిగినది తన బిడ్డకు జరగకూడదని అతని ఆశ. ఆ ఆశను నేను తప్పు పట్టలేను, మీరు కూడా పట్టకండి.

అయితే పేరు పొడుగుగా ఉంటే అది జరగకుండా ఉంటుందా? వాక్యములోనికి వెళ్దాం రండి.

దేవుడు మనుష్యుల పేర్లు పెంచిన సందర్భములు ఉన్నాయి. అబ్రాము అబ్రాహాము అయ్యాడు. ఆ మాట చెప్పి చాలామంది ప్రసంగీకులు ఆగిపోతారు. అదే అధ్యాయములో శారయి శారా అయ్యిందని, తెలుగులో చూస్తే ఆమె పేరు తగ్గిందని కూడా చెప్పాలి కదా. ఆశీర్వాదము మాత్రం ఇద్దరికీ సమానమే. ఇక సంఖ్యాకాండము 13వ అధ్యాయము 16వ వచనము చూడండి. కనాను దేశమును వేగు చూడడానికి పన్నెండుగురిని పంపేటప్పుడు మోషే నూను కుమారుడైన హోషేయకు యెహోషువ అని పేరు పెట్టాడు. హోషేయ అంటే రక్షణ. యెహోషువ అంటే యెహోవాయే రక్షణ. ఒక చిన్న పేరుకు ముందు దేవుని నామము వచ్చి చేరింది, పేరు పొడుగైంది, యౌవనుడు గూఢచారిగా బయలుదేరాడు. పొడుగు పేరు కావాలనే తల్లిదండ్రులకు ఇంతకంటె మంచి వచనము దొరకదు.

కాని ఆ పేరు అక్కడ ఆగిందా? ఆగలేదు. ఈ సంగతి నెమ్మదిగా వినండి.

కొన్ని వందల సంవత్సరములు గడిచాయి. ఇశ్రాయేలీయులు బబులోను చెరకు పోయి తిరిగి వచ్చారు. అప్పుడు యెరూషలేములో ఒక ప్రధానయాజకుడు ఉన్నాడు. హగ్గయి గ్రంథము మొదటి అధ్యాయములో అతని పేరు యెహోజాదాకు కుమారుడైన యెహోషువ. ఎజ్రా గ్రంథము 3వ అధ్యాయములో అదే మనిషి యోజాదాకు కుమారుడైన యేషూవ. ఒకే కాలము, ఒకే మందిరము, ఒకే యాజకుడు. ఒక గ్రంథములో పూర్తి పేరు, మరొక గ్రంథములో కురచ పేరు. తండ్రి పేరు కూడా కురచ అయింది చూడండి! ఎవరూ అవమానించాలని తగ్గించలేదు. ఇంటిలో, సంతలో, బావి దగ్గర పలికి పలికి యెహోషువ యేషూవ అయింది. మన ఇళ్లలో లక్ష్మి లచ్చి అయినట్లే.

ప్రభువు శరీరధారిగా వచ్చిన కాలమునకు గలిలయలో ఇళ్లలో వినబడినది ఈ యేషూవ అనే రూపమే. అది గ్రీకులోనికి పోయి యేసూస్ అయ్యింది, తెలుగులోనికి వచ్చి యేసు అయ్యింది. గ్రీకు భాషలో నూను కుమారుని పేరుకూ మన ప్రభువు పేరుకూ తేడా ఉండదు. అందుకే సెమినరీలో మొదటిసారి గ్రీకు చదివే విద్యార్థులు హెబ్రీ పత్రిక 4వ అధ్యాయము 8వ వచనము దగ్గర తప్పక తడబడతారు. ఆ కాలములో ఆ పేరు గలవారు ఎంతోమంది. ఏ యేసు అని అడిగితే నజరేతువాడైన యేసు అని చెప్పవలసి వచ్చింది.

అంటే ఏమిటి? మనము మోకాళ్లూని పలికే నామము, ఒక పొడుగు పేరు సామాన్యుల ఇళ్లలో అరిగి మిగిలిన రూపము. దేవుడు తన కుమారునికి ఎవరూ తెంపలేని పేరు వెదకలేదు. అప్పటికే తెగి ఉన్న పేరును పెట్టించాడు. వడ్రంగి ఇంట్లో పలికే పేరు, నీళ్లకు వచ్చిన స్త్రీలు పలికే పేరు. ఈ మాట చెప్పినప్పుడు కొత్వాల్‌గూడ తమ్ముడు కాగితము మడిచి జేబులో పెట్టుకున్నాడు. కాని తృప్తిపడలేదు. అతని ముఖము చూస్తే నాకు తెలిసింది. "ముద్దుకు తెంపుడు వేరు అయ్యగారూ, తక్కువ చేసి తెంపుడు వేరు" అన్నాడు. నిజమే. అతను చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజము.

తక్కువ చేయడము గురించి దానియేలు గ్రంథము మాట్లాడుతుంది. బబులోను రాజనగరుకు నలుగురు యూదా కుర్రవారిని తెచ్చారు. దానియేలు, హనన్యా, మిషాయేలు, అజర్యా. నాలుగు పేర్లలోనూ దేవుని నామపు ముక్క ఉంది. రాజు నౌకరుల అధిపతి మొదట చేసిన పని పేర్లు మార్చడము. దానియేలుకు బెల్తెషాజరు అని పెట్టాడు. ఒక్కసారి లెక్కపెట్టండి, ఏది పొడుగు? దానియేలు కంటె బెల్తెషాజరే పొడుగు! అది రాజనగరులో పెట్టిన పేరు, గొప్పగా మ్రోగే పేరు, అయినా బానిసకు యజమాని కట్టిన బిళ్ల. కాబట్టి పొడుగులోనే గౌరవము ఉందని అనుకోవద్దు.

ఇంకొక సంగతి. మన సండేస్కూలు పిల్లలను అగ్నిగుండములో పడిన ముగ్గురి పేర్లు అడగండి. షద్రకు, మేషాకు, అబేద్నెగో అని గుక్క తిప్పకుండా చెబుతారు. వారి తల్లులు పెట్టిన పేర్లు అడగండి. ఎంతమంది చెప్పగలరు? యజమాని పెట్టిన పేరే ఇన్ని వేల సంవత్సరముల తరువాత కూడా మన నోట నిలిచింది. ఊరు ఒక మనిషిని ఏమని పిలిస్తే మనమూ అలాగే పిలుస్తాము. సంఘములో కూడా.

ఆ ముగ్గురిలో అబేద్నెగో అసలు పేరు అజర్యా. ఆ పేరు గల ఒక దైవజనుడు మన తెలుగు దేశములో పనిచేశాడు. వేదనాయగం శామ్యేలు అజరయ్య గారు. తిరునల్వేలి ప్రాంతమునుండి మిషనరీగా వచ్చి, 1912 డిసెంబరు 29న దోర్నకల్ బిషప్పుగా అభిషేకము పొందాడు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయన. ఆయన అధ్యక్షత కింద వేలాది మంది మాల మాదిగ పల్లెల వారు సంఘములో చేరారు. ఆయన పేరు ఇంగ్లీషులో అజరయా. తెలుగువారు ఆ పేరును తెంపలేదు, చివర ఒక 'అయ్య' కలిపి అజరయ్య అన్నారు. తమ పేర్లలోని అయ్యను ఊరు ఊడబెరికిన జనము, తమ బిషప్పు గారి పేరుకు అయ్యను చేర్చుకున్నారు. నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి.

మన తెలుగు బైబిలులోనే ఇటువంటిది ఇంకొకటి ఉంది. మీరు వందసార్లు చదివి ఉంటారు, గమనించి ఉండరు. గ్రీకు పేర్లను మన అనువాదకులు మత్తయి అని వ్రాశారు, తద్దయి అని వ్రాశారు. అదే లెక్కన లూకా 19వ అధ్యాయములో మేడి చెట్టు ఎక్కిన పొట్టి మనిషి జక్కయి కావాలి. కాని ఏమని ఉంది? జక్కయ్య! సుంకపు గుత్తదారుడు, ఊరంతా ఏవగించుకునేవాడు, ప్రభువు అతని ఇంటికి పోతే పాపి ఇంట బసకు పోయాడని సణిగిన జనము మధ్య బ్రతికినవాడు. అతనికి తెలుగు బైబిలులో అయ్య దక్కింది. ప్రభువు చెట్టు కింద నిలబడి, తలయెత్తి, అంతమంది ముందర పిలిచిన పేరు మన చెవికి గౌరవవాచకముగానే వినబడుతుంది. ఊరివారు వీధిలో అతన్ని ఏమని పిలిచేవారో లూకా వ్రాయలేదు. మీరు ఊహించుకోవచ్చు.

బిడ్డ తల్లి అంతవరకు ఏమీ మాట్లాడలేదు. అప్పుడు నోరు విప్పింది. "అందరు బయటోళ్ల ముచ్చటనే చెప్తున్నరు. గంత పొడుగు పేరు ఇంట్ల నేనెట్ల పిలవాలె? పాలకు ఏడ్చినప్పుడు పిలవాలె గద, పరీక్ష రాసేటప్పుడు కాదు." ఆ రోజు మా ముగ్గురిలో తెలివైన మాట మాట్లాడింది ఆమే.

తల్లిదండ్రులారా, ఆమె మాటనుబట్టి మీకు ఒక పని చెబుతాను. మీరు అనుకున్న పేరును గుమ్మములో నిలబడి వారము రోజులు గట్టిగా పిలిచి చూడండి. పొయ్యి మీద పాలు పొంగుతున్నప్పుడు పిలవండి, నిద్రమత్తులో పిలవండి, కోపములో పిలవండి. మూడవ రోజుకు మీ నోరే ఆ పేరును తెంపిందా? అయితే వీధి తెంపదని ఎలా అనుకుంటారు? అప్పుడు ముద్దుపేరు కూడా మీరే ఏర్పరచండి. మీరు ఏర్పరచకపోతే వీధి ఏర్పరుస్తుంది. వీధికి ఎంత బలము ఉందో మా ప్రాంతములో చూడవచ్చు. 1908లో మూసీ వరద వచ్చిన తరువాత హైదరాబాదు నగరమును కాపాడడానికి రెండు పెద్ద జలాశయములు కట్టారు. ఏడవ నిజాము ఒకదానికి తన పేరు, మరొకదానికి తన కుమారుని పేరు పెట్టించాడు. కుమారుని పేరుగల హిమాయత్‌సాగర్ అలాగే నిలిచింది. రాజుగారి సొంత పేరు? ఉస్మాన్‌సాగర్ ఎక్కడ అని బస్సులో అడిగి చూడండి, గండిపేటా అని తిరిగి అడుగుతారు. రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయము అని అంత పెద్ద బోర్డు ఉంటుంది. ఆటో ఎక్కి ఎవరైనా అంత పేరు చెబుతారా? శంషాబాద్ అంటే చాలు.

పిలిచే పేరు ఒకటి, వ్రాసే పేరు ఒకటి ఉండడము తప్పేమీ కాదు. అపొస్తలుల కార్యములలో పౌలుతో కలిసి ఫిలిప్పీ చెరసాలలో పాటలు పాడినవాడు సీల. పౌలు తన పత్రికలలో అతనిని సిల్వాను అని వ్రాశాడు. ఇద్దరూ ఒక్కరేనని పండితులలో ఎక్కువమంది అంటారు. కథలో సీల, పత్రికలో సిల్వాను. డేరాలు కుట్టిన అకుల భార్యను లూకా ప్రిస్కిల్ల అంటాడు, పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివర ప్రిస్క అంటాడు. ఇక్కడ ఒక వింత ఉంది. అసలు పేరు ప్రిస్క. ముద్దుగా పిలిస్తే ప్రిస్కిల్ల. లాటిను భాషలో ముద్దు చేస్తే పేరు పెరుగుతుంది! మనకు మాత్రం ముద్దు వచ్చినా కోపము వచ్చినా పేరు తరుగుతుంది.

అందుకే చెబుతున్నాను, పేరు చివర తగిలించే 'గాడు'ను ఆపగల పొడుగు ఏ పేరుకూ లేదు. ఇమ్మానుయేలుకు తగిలించవచ్చు, నెబుకద్నెజరుకు కూడా తగిలించవచ్చు. మా బుజ్జిగాడు అని మేనమామ అంటే బిడ్డ కిలకిల నవ్వుతాడు. అదే 'గాడు' ఇంకొకరి నోట వింటే ఒక తండ్రి ముప్పై ఏళ్ల తరువాత కూడా మరచిపోలేడు. అక్షరములలో తేడా ఏమీ లేదు. అందుచేత నేను ఆ తమ్ముడిని ఒక్కటి అడిగాను. బిడ్డ పేరు సంగతి సరే, మీ బాపును ఇప్పుడు ఊరు ఏమని పిలుస్తుంది? అతను తల వంచుకున్నాడు. "ఇప్పటికి గట్లనే" అన్నాడు. మన సంఘములో? "సంఘములో గూడ చానమంది గట్లనే."

వింటున్నారా? బిడ్డకు రాబోయే అవమానమును గురించి రెండు గంటలు మాట్లాడుకున్నాము. ఆ అవమానమును నేటికీ మోస్తున్న మనిషి ఆదివారము వెనుక చాప మీద కూర్చుంటున్నాడు.

బిడ్డను ప్రతిష్ఠించే ఆదివారము వచ్చింది. మామూలుగా మేము బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు చదువుతాము. ఆ రోజు తాతగారి పేరు కూడా, సంఘపు రిజిస్టరులో ఎలా ఉందో అలా, చివర అయ్యతో, గారు చేర్చి చదివాను. ఫలానా అయ్య గారు ముందుకు రావాలి అన్నాను. ఎవరూ లేవలేదు. మళ్లీ చదివాను. ఆ పెద్దాయన కూడా అందరితోపాటు తల తిప్పి, ఎవరిని పిలుస్తున్నారో అని వెనుకకు చూశాడు. మనవరాలు ఒకతి ఆయన భుజము తట్టి, తాతా నిన్నే అంది. లేచాడు. తువ్వాలు సర్దుకొని నడిచి వచ్చాడు. బిడ్డను ఆయన చేతుల్లోనే పెట్టి ప్రార్థించాము. ఆరాధన అయ్యాక సంఘపెద్ద ఒకాయన, ఏళ్ల తరబడి ఆయనను తెంపిన పేరుతో పిలిచినవాడే, చెయ్యి కలిపి పూర్తి పేరు పలకబోయి సగములో తడబడ్డాడు. నోటికి అలవాటు లేదు మరి. రెండోసారి సరిగానే అన్నాడు.

బిడ్డకు చివరికి ఏ పేరు పెట్టారో నేను చెప్పను, అది ఆ బిడ్డది. నాలుగు అక్షరముల పేరు, పిలవడానికి బాగుంటుంది. ఆ ఇంట్లో ఆ పేరు తెంపి పిలిచేది ఒక్కరే, ఆ తాత. మనవడిని ఒళ్లో వేసుకొని రెండక్షరములు చేసి, చివర 'గా' కూడా కలుపుతాడట. కొడుకు ఏమీ అనడం లేదు.

సమయము అయిపోతోంది. పేరు పెట్టబోయేవారికి రెండు మూడు లోకసంబంధమైన మాటలు కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ కాలములో పేరును మనుష్యులే కాదు, యంత్రములు కూడా తెంపుతున్నాయి. పాస్‌పోర్టులో ఫోటో ఉన్న పేజీ అడుగున రెండు వరుసల అక్షరములు ఉంటాయి, చూశారా? ఒక్కొక్క వరుసలో 44 గళ్లు. పై వరుసలో పేరుకు మిగిలేవి 39. ఇంటిపేరు, సొంత పేరు, మధ్యలో ఖాళీలు అన్నీ అందులోనే సరిపోవాలి. అంతకు మించితే యంత్రము కోసేస్తుంది, దానికి అయ్య అని గానీ గాడు అని గానీ తెలియదు. అలాగని మరీ ఒక్క మాట పేరు కూడా చిక్కే. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉంటే అమెరికా వీసా మీద మొదటి పేరు తెలియదు అనే అర్థము వచ్చే మూడు ఇంగ్లీషు అక్షరములు వేస్తారు. 2022 నవంబరులో ఎమిరేట్సు దేశము కూడా ఒకే పేరు ఉన్న సందర్శకులను రానివ్వమని చెప్పింది. తరువాత, పాస్‌పోర్టులో తండ్రి పేరు ఉంటే ఒప్పుకుంటామన్నారు. దుబాయి పోయే మన ప్రాంతపు వారు అప్పుడు ఎంత కంగారుపడ్డారో! ఇంటిపేరును పొడి అక్షరముగా వదలకండి, విప్పి వ్రాయించండి. బడిలో ఒక విధముగా, ఆధార్‌లో ఒక విధముగా ఇంగ్లీషు అక్షరములు మార్చకండి.

బిడ్డ పుట్టిన 21 రోజులలోగా జననము నమోదు కావాలి. పేరు ఇంకా తేలకపోతే తొందరపడనక్కరలేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, 12 నెలలలోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తరువాత రుసుముతో 15 సంవత్సరముల వరకు అవకాశము ఉంది. అయితే 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్చడానికి, పాస్‌పోర్టుకు, ఇంకా చాలా పనులకు పుట్టిన తేదీకి ఆధారము జనన ధ్రువపత్రమే. కాబట్టి దానిలో పేరు అక్షరము అక్షరము సరిచూసుకోండి. ప్రతిష్ఠకు తెచ్చేటప్పుడు బిడ్డ పేరుతోపాటు తాత అవ్వల నలుగురి పూర్తి పేర్లు కూడా కాగితము మీద వ్రాసి మీ కాపరికి ఇవ్వండి. ఆయన అడగకపోయినా ఇవ్వండి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, ఈ ఉదయము ఇంకా పేరు లేని బిడ్డలను ఒడిలో పెట్టుకొని వింటున్న తల్లులను జ్ఞాపకము చేసుకొనుము. తమ పేరు తాము పూర్తిగా విని ఎన్నో ఏళ్లు అయినవారిని కూడా జ్ఞాపకము చేసుకొనుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

దేవుని చిత్తమైతే వచ్చే వారము ఇదే సమయమునకు కలుసుకుందాము.